అడగకుండా చేసే పనికి ఆధారం న్యాయమే

హోసూరు పారిశ్రామికవాడలోని ఒక విడిభాగాల కర్మాగారంలో నేను చాలా ఏళ్లు షిఫ్టు పర్యవేక్షకుడిగా పనిచేశాను. అక్కడి లేత్ యంత్రాల విభాగంలో బేరికె వైపు పల్లె నుండి వచ్చే కార్మికుడొకడు ఉండేవాడు. షిఫ్టు మొదలు కావడానికి పావుగంట ముందే వచ్చి, దిగిపోయే మనిషిని పలకరించి, యంత్రం ఎట్లా నడుస్తున్నదో అడిగి తెలుసుకొనేవాడు. కుప్పం, పలమనేరు ప్రాంతాల నుండి కొత్తగా చేరిన కుర్రవాళ్లకు గోడమీది ఇంగ్లీషు, తమిళ సూచనలు అర్థం కావడం లేదని గమనించి, ఒక అట్టముక్క మీద తెలుగులో తానే రాసి యంత్రాల పక్కన వేలాడదీశాడు. ఆ పని చేయమని అతనికి ఎవరూ చెప్పలేదు. చేసినందుకు ఎవరూ మెచ్చుకోనూ లేదు.

ఒక ఏడు చార్జ్‌హ్యాండ్ పదవికి జాబితా వెలువడింది. అందులో అతని పేరు లేదు. అతనికన్నా నాలుగేళ్లు వెనుక చేరినవాని పేరున్నది. అతడు కార్యాలయానికి వెళ్లి కారణం అడిగాడు. 'కారణాలు చెప్పవలసిన అవసరం మాకు లేదు' అన్నారు. అతడు తిరిగి వచ్చి యథాప్రకారం పని చేశాడు. ఆ మరునాటి నుండి సరిగ్గా గంట కొట్టే వేళకు వచ్చేవాడు, గంట కొట్టగానే వెళ్లేవాడు. నూనె మరకలతో చిరిగిపోయిన అట్టముక్కను మళ్లీ రాయలేదు. కొత్తవాళ్లు అడిగితే 'పై వాళ్లను అడగండి' అనేవాడు. కొన్ని నెలలకు తిరస్కృతమయ్యే సరుకు పెరిగింది. అతనిపై క్రమశిక్షణ నివేదిక రాయమని నన్ను ఆదేశించారు. నేను ఎంత వెదికినా రాయడానికి ఏమీ దొరకలేదు. అతడు ఒక్క నియమమూ మీరలేదు. చేయవలసిన పనంతా చేస్తూనే ఉన్నాడు. చేయనక్కరలేని పని మాత్రమే మానుకున్నాడు.

ఉద్యోగ విరమణ చేసిన తరువాత కూడా ఈ సంగతి నన్ను వదలలేదు. ఆ జాబితా తయారైనప్పుడు అతని గురించి నన్ను అడగలేదు. అడగకపోయినా వెళ్లి చెప్పవలసిన బాధ్యత నాకున్నది. నేను చెప్పలేదు. అందుచేత ఈ వ్యాసంలో యాజమాన్యాలకు చెప్పదలచిన మాటలలో కొన్ని నాకు నేను చెప్పుకొనేవి కూడా.

నియమాలతో మాత్రమే నడవని సంస్థ

ఏ ఉద్యోగ ఒప్పందమూ ఒక మనిషి చేసే పనినంతా కాగితం మీద పెట్టలేదు. యంత్రం శబ్దం మారితే పక్కవాణ్ణి హెచ్చరించడం, కొత్తగా వచ్చినవాడికి ఒడుపు నేర్పడం, చిన్న అసౌకర్యానికి రచ్చ చేయకపోవడం, పొదుపుకు దారి కనబడితే పైవారికి చెప్పడం ఏ నియామక పత్రంలోనూ ఉండవు. అయితే ఇవి లేకుండా ఏ కర్మాగారమూ, ఏ బడీ, ఏ ఆసుపత్రీ ఒక్క వారం సవ్యంగా నడవదు. ఇందుకు రుజువు కార్మికోద్యమ చరిత్రలోనే ఉన్నది. సమ్మె చేయకుండా, నియమావళిలో ఉన్నది ఉన్నట్లు మాత్రమే పాటిస్తూ పనిచేయడం ఒక పోరాట పద్ధతి. నియమాలను అక్షరాలా పాటిస్తే పని నిలిచిపోతుందంటే, ఇన్నాళ్లూ సంస్థను నడిపించింది నియమాలు కావు, వాటి మధ్యనున్న ఖాళీలను స్వచ్ఛందంగా పూరించిన మనుషులు అని అర్థం.

అమెరికాలో టెలిఫోను సంస్థను నడిపిన చెస్టర్ బర్నార్డ్ 1938లో వెలువరించిన గ్రంథంలోనే, సహకరించాలనే సుముఖత లేనిదే సంస్థ అనేదే లేదని వాదించాడు. 1983లో డెనిస్ ఆర్గన్, అతని సహచరులు ఈ సుముఖతకు 'సంస్థాగత పౌరధర్మం' అనదగిన పేరు పెట్టారు. 1988లో ఆర్గన్ దానిని అయిదు గుణాలుగా విడదీశాడు. తోటివారికి సాయపడడం, కనీస విధికి మించిన శ్రద్ధ చూపడం, చిన్న ఇబ్బందులను ఓర్చుకోవడం, తన చర్య వలన ఇతరులకు కష్టం కలుగకుండా ముందుగా తెలియజేయడం, సంస్థ మేలుకోరి దాని వ్యవహారాల్లో పాలుపంచుకోవడం. మా బేరికె కార్మికునిలో ఈ అయిదూ ఉండేవి. ఆ పేర్లు అతనికీ తెలియవు, నాకూ అప్పుడు తెలియవు.

ఇటువంటి పని మనుషులు ఎప్పుడు చేస్తారు, ఎందుకు మానేస్తారు అన్నదే అసలు ప్రశ్న. జీతం ఎక్కువైతే చేస్తారని పలువురు అనుకుంటారు. జీతం అవసరమే, కాదనలేము. అయితే అదనపు శ్రమను రాబట్టేది జీతపు మొత్తం కన్నా, తనను న్యాయంగా చూస్తున్నారన్న నమ్మకమే. 1991లో రాబర్ట్ మూర్‌మన్ జరిపిన పరిశీలనలో, పై అధికారి తనతో వ్యవహరించే తీరు న్యాయమైనదని ఉద్యోగి భావించడానికీ, అతడు విధికి మించి పనిచేయడానికీ గట్టి సంబంధం కనబడింది. కొలిచి చెప్పింది పండితులే అయినా, పెట్టే చేతిని బట్టి కాక పెట్టే తీరును బట్టి అన్నం రుచిస్తుందని మన ఇళ్లలో పెద్దలు ఎరుగనిది కాదు.

న్యాయానికి మూడు ముఖాలు

పనిచోట న్యాయానికి మూడు ముఖాలున్నాయి. ఎవరికి ఎంత దక్కిందన్నది మొదటిది. ఏ పద్ధతిలో నిర్ణయించారన్నది రెండవది. ఆ నిర్ణయాన్ని మనిషికి ఎట్లా చెప్పారు, చెప్పేటప్పుడు అతనికి మర్యాద ఇచ్చారా అన్నది మూడవది. మన సంఘాలు, మన పత్రికలు మొదటిదాని గురించే ఎక్కువగా మాట్లాడాయి. తక్కిన రెండూ దానికి తీసిపోవు.

1990లో జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ ప్రకటించిన ఒక పరిశీలన ఇందుకు మంచి నిదర్శనం. అమెరికాలో ఒకే యాజమాన్యపు కర్మాగారాలు రెండింటిలో పది వారాలపాటు జీతాలను 15 శాతం తగ్గించారు. ఒక చోట అధిపతి స్వయంగా వచ్చి, గంటకు పైగా నిలబడి, ఎందుకు తగ్గించవలసి వచ్చిందో లెక్కలతో వివరించి, విచారం వెలిబుచ్చి, అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పాడు. రెండవ చోట కొద్ది నిమిషాల్లో ప్రకటన చేసి ముగించారు. కోత రెండు చోట్లా ఒక్కటే. అయితే రెండవ కర్మాగారంలో సామాను దొంగతనాలు మొదటిదానికన్నా చాలా ఎక్కువయ్యాయి. పాత జీతం తిరిగి వచ్చాక ఆ తేడా సమసిపోయింది. దొంగతనాన్ని నేను సమర్థించడం లేదు. ఒక గంటసేపు మనిషిని మనిషిగా చూసి మాట్లాడడానికి ఎంత విలువ ఉన్నదో గుర్తు చేస్తున్నాను. మా కార్మికునికి పదవి రాకపోవడం ఒక దెబ్బ. 'కారణం చెప్పనక్కరలేదు' అన్న మాట అంతకన్నా పెద్ద దెబ్బ.

నిర్ణయ పద్ధతి న్యాయమైనదో కాదో తేల్చుకోవడానికి జెరాల్డ్ లెవెంతాల్ 1980లో ఆరు గీటురాళ్లు ఇచ్చాడు. నియమం అందరికీ, అన్నివేళలా ఒకేరీతిగా ఉన్నదా? నిర్ణయించేవాడు స్వలాభం, పక్షపాతం విడిచాడా? సరైన సమాచారం మీద ఆధారపడ్డాడా? పొరపాటైతే దిద్దుకొనే మార్గం ఉన్నదా? ప్రభావితులయ్యేవారి మాట విన్నారా? నీతికి విరుద్ధం కాకుండా ఉన్నదా?

వీటిని షోలాపూరులోని తెలుగు బీడీ కార్మికురాలి వాకిట నిలబడి అడిగి చూడండి. వెయ్యి బీడీలకు ఇంత అని ఆమె కూలి. చుట్టినవాటిలో కొన్నిటిని నాసిరకమని ఏరి పక్కన పెడతారు. ఏది నాసి, ఏది మేలు అని తేల్చేది కూలి ఇచ్చేవాడే. ఏరివేత ఎక్కువైతే లాభం అతనికే. తూకానికి ఆకు తక్కువ ఇచ్చి, వెయ్యి పూర్తి కావాలంటే కొరవ ఆకును ఆమెనే కొనుక్కోమంటారు. 'ఇది నాసి కాదు' అని ఆమె వాదిస్తే వినేవారెవరు? రేపు ఆకు ఇవ్వరేమోనన్న భయంతో ఊరుకుంటుంది. ఆరు గీటురాళ్లలో ఒక్కదానిపైనా ఈ వ్యవహారం నిలవదు. అటువంటి చోట కార్మికురాలు మనసుపెట్టి పనిచేయడం లేదని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, ఆ ఫిర్యాదుకు అర్హత ఏమున్నది?

అర్థం కాని నియమం న్యాయమైన నియమమా?

ఇక్కడే సరిహద్దు తెలుగువారికి ప్రత్యేకమైన సమస్య ఒకటి ఎదురవుతుంది. నియమం ఎంత మంచిదైనా అది తెలియని భాషలో ఉంటే, దానిని వాడుకొనే వీలు లేదు. అపీలుకు గడువు ఎంతో చదువలేనివానికి అపీలు హక్కు ఉన్నా లేనట్లే.

1946నాటి పారిశ్రామిక ఉపాధి స్థాయీ ఉత్తర్వుల చట్టం ఈ విషయాన్ని గుర్తించింది. పని నియమాలను ఇంగ్లీషులోను, కార్మికులలో అత్యధికులకు అర్థమయ్యే భాషలోను ప్రవేశద్వారం వద్ద బోర్డుపై ప్రదర్శించాలని చెప్పింది. 1948నాటి ఫ్యాక్టరీల చట్టంలోనూ నోటీసుల విషయమై ఇటువంటి ఏర్పాటే ఉండేది. మంచి ఏర్పాటే. కాని 'అత్యధికులు' అన్న మాటలోనే మన చిక్కు ఉన్నది. నూరుగురిలో అరవైమంది భాషలో బోర్డు పెడితే చట్టం తృప్తి పడింది. మిగిలిన నలభైమంది సంగతి చెప్పలేదు. ఈ రెండు చట్టాల స్థానంలో 2020లో చేసిన కార్మిక స్మృతులు 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చాయి. పూర్వం నూరుగురు కార్మికులున్న సంస్థకు వర్తించిన స్థాయీ ఉత్తర్వుల నిబంధన, కొత్త పారిశ్రామిక సంబంధాల స్మృతిలో మూడు వందల మందికి పెరిగింది. అంటే చిన్న, మధ్యతరహా కర్మాగారాలలో పనిచేసేవారికి రాతపూర్వక నియమాల రక్షణే తగ్గింది. సరిహద్దు పట్టణాల్లో మనవారు ఎక్కువగా పనిచేసేది అటువంటి చోట్లనే.

భాషా అల్పసంఖ్యాకుల కోసం 1956లో కేంద్రం రూపొందించిన రక్షణలలో, జనాభాలో 15 శాతానికి తక్కువ కాకుండా ఉన్న అల్పసంఖ్యాకుల భాషలో ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలను, నియమాలను వెలువరించాలన్న సూత్రం కలదు. ప్రభుత్వోద్యోగ ప్రవేశానికి రాష్ట్రభాషా పరిజ్ఞానాన్ని ముందు షరతుగా పెట్టక, ఎంపిక తరువాత పరీక్షించవచ్చునన్న సూత్రమూ కలదు. ఇవి ప్రభుత్వాలకు సంబంధించినవి, ప్రైవేటు కర్మాగారాలను కట్టడి చేసేవి కావు. కాని వాటిలోని ధర్మం కర్మాగారానికీ వర్తిస్తుంది. మా కర్మాగారంలో ఒక కార్మికుడు అట్టముక్క మీద చేసిన పనిని యాజమాన్యం ఒక చిన్న బోర్డుతో చేయగలిగి ఉండేది. అందుకు చట్టం అక్కరలేదు, దృష్టి ఉంటే చాలును. రాష్ట్రభాషను నేర్చుకోనక్కరలేదని నేను అనడం లేదు. తప్పక నేర్చుకోవాలి. నేర్చుకొనేలోగా యంత్రం మనిషి వేలు తీసేయకూడదని మాత్రమే అంటున్నాను.

మర్యాద విషయంలో మన సరిహద్దు చరిత్రలోనే గొప్ప పాఠం ఉన్నది. కోలారు బంగారు గనులలో తమిళులతోపాటు తెలుగువారూ తరాల తరబడి పనిచేశారు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగింది. రాతిపేలుళ్లు, వేడి, దుమ్ము, ఊపిరితిత్తుల జబ్బు అక్కడ నిత్యకృత్యాలు. అటువంటి కష్టాన్ని ఓర్చుకొన్నవారు 1930లో పెద్ద సమ్మెకు దిగారు. గనుల యాజమాన్యం కార్మికులందరి వేలిముద్రలు తీసుకొని నమోదు చేయడానికి పూనుకోవడమే అందుకు కారణం. వేలిముద్ర వేయించుకోవడమంటే నేరస్థుల వరుసలో నిలబడడమని వారు భావించారు. భూమి అడుగున ప్రాణాపాయాన్ని సహించిన మనిషి భూమి మీద అవమానాన్ని సహించలేదు. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడ్డాయి. పాఠం మాత్రం మూతపడలేదు.

సేవాభావం పేరిట దోపిడి

ఇంతవరకు చెప్పినదానిని యాజమాన్యాలు ఇంకొక రీతిగా అర్థం చేసుకొనే ప్రమాదమున్నది. 'అదనపు పని మంచిది, కనుక అందరూ చేయండి' అని ఆజ్ఞాపించడం ఆ ప్రమాదం. ఆజ్ఞాపించిన మరుక్షణం అది స్వచ్ఛందం కాకుండా పోతుంది. చేయనివాడిని గుర్తుపెట్టుకొని, జీతపు పెంపులో కోత వేసేచోట ఉద్యోగి చిరునవ్వుతో చేసే అదనపు పని పౌరధర్మం కాదు, వెట్టి.

ఆశా కార్యకర్తలను చూడండి. 2005లో మొదలైన ఈ వ్యవస్థలో వారిని ఉద్యోగులుగా కాక స్వచ్ఛంద కార్యకర్తలుగా పరిగణించారు. పనిని బట్టి ప్రోత్సాహకం తప్ప క్రమమైన జీతం లేకుండా వ్యవస్థను రూపొందించారు. కరోనా కాలంలో వారు ఇంటింటికీ తిరిగారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారిని గౌరవించింది. శాలువా మంచిదే, కాని శాలువాతో పొయ్యి వెలగదు. అంగన్‌వాడీల వ్యవస్థ 1975 నుండి ఉన్నది. వారికి 1972నాటి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పేసరికి దాదాపు అర్ధ శతాబ్ది గడిచిపోయింది. సరిహద్దు పల్లెలలోని తెలుగు అంగన్‌వాడీ కార్యకర్తకు మరొక భారమూ ఉన్నది. రికార్డులు రాష్ట్రభాషలో రాయాలి, తల్లులతో తెలుగులో మాట్లాడాలి, పై నుండి వచ్చిన ప్రతి సూచననూ మనసులోనే అనువదించుకోవాలి. ఆ అనువాదపు పని ఏ ఉత్తర్వులోనూ ఉండదు, ఏ లెక్కలోకీ రాదు. ఆ పని ఆమె మానుకుంటే ఆ పల్లెలో పథకం మూగబోతుంది.

కనుక ఒక గీత గీయవలసి ఉన్నది. మనిషి ఎప్పుడో ఒకనాడు ఇష్టపడి చేసేది అదనపు పని. ప్రతిదినమూ తప్పనిసరిగా చేయవలసి వచ్చేది విధి. విధి అయినదానిని విధుల జాబితాలో చేర్చి దానికి జీతం ఇవ్వాలి. జీతం ఇవ్వకుండా ఉండడానికి దానిని సేవ అని పిలువకూడదు.

మన ఇంటినుండే మొదలు

ఇతరులను అడిగేముందు మనల్ని మనం అడుగుకోవాలి. సరిహద్దుల తెలుగువారు కార్మికులు మాత్రమే కారు. భివండీ, షోలాపూరు మరమగ్గాల యజమానులలో మనవారున్నారు. బరంపురంలో, బళ్లారిలో, హోసూరులో అంగళ్లు, హోటళ్లు నడిపేవారిలో మనవారున్నారు. తెలుగువాడు తెలుగువాడి దగ్గర పనికి చేరితే మొదట వినిపించేది చుట్టరికపు పిలుపు. 'తమ్ముడూ, మనవాడివి కదా' అంటారు. ఆ పిలుపు చెవికి తీయగానే ఉంటుంది. కాని పొద్దుపోయినదాకా పని చేయించుకొని అదనపు గంటల కూలి అడిగితే 'మనవాడివై ఉండి లెక్క చూస్తావా?' అన్నప్పుడు ఆ పిలుపే ఉచ్చవుతుంది. పరాయివాడి దగ్గరైతే లెక్క అడగగలడు. మనవాడి దగ్గర నోరు పెగలదు. లెక్క సరిగా ఉన్నప్పుడే చుట్టరికం నిలుస్తుంది.

మన భాషా సంఘాలకూ ఇది వర్తిస్తుంది. ఆదివారాలలో పిల్లలకు తెలుగు నేర్పే యువతులు, సభలకు కుర్చీలు మోసే కుర్రవాళ్లు, కరపత్రాలు పంచేవారు జీతం అడగరు. వారు అడిగేది మరొకటి ఉన్నది. ఎక్కడ తరగతి పెట్టాలో, ఎప్పుడు సభ జరపాలో తేల్చేటప్పుడు తమను కూడా ఒక మాట అడగాలని కోరుకుంటారు. వేదిక మీద పెద్దలకు దండలు వేసేటప్పుడు తమ పేర్లు కూడా ఒకసారి చదవాలని కోరుకుంటారు. కొన్నేళ్లకు వారు రావడం మానేస్తే 'నేటి యువతకు భాషాభిమానం లేదు' అని తీర్మానిస్తున్నాము. అభిమానం లేకనా, మనం న్యాయం చేయకనా? ఆలోచించవలసిన విషయమే.

చేయదగిన పనులు

యాజమాన్యాలను మనం కోరవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పదోన్నతి, సెలవు, జరిమానా, అదనపు గంటల నియమాలు పనిచేసేవారిలో గణనీయంగా ఉన్న ప్రతి భాషలోనూ రాసి ఉండాలి. ప్రతికూల నిర్ణయం తీసుకొన్నప్పుడు కారణాన్ని ఆ మనిషికి ముఖాముఖిగా, మర్యాదగా చెప్పాలి. నిర్ణయించినవాడు కాక మరొకడు వినే అపీలు ఉండాలి. అదనపు పనిని గుర్తించి నమోదు చేసే అలవాటు పర్యవేక్షకులకు ఉండాలి. అది నిత్యకృత్యమైతే విధిగా మార్చి వేతనం కట్టాలి.

కార్మిక సోదరులకూ, సోదరీమణులకూ ఒక మాట. అన్యాయం జరిగినప్పుడు అదనపు శ్రమను ఉపసంహరించుకొనే హక్కు మీకున్నది. అది మీ సొత్తు. కాని మౌనంగా ముడుచుకుపోవడం వలన అన్యాయం చేసినవానికన్నా, పక్కన నిలబడిన కొత్త కుర్రవాడికే ఎక్కువ నష్టం జరుగుతుంది. మానుకొనేముందు అడగండి, రాతపూర్వకంగా అడగండి, నలుగురు కలిసి అడగండి. తోటివాడి ప్రాణానికి సంబంధించిన హెచ్చరికను మాత్రం ఎవరిమీద కోపంతోనూ ఆపకండి.

నా వంటి పర్యవేక్షకులకు చెప్పవలసినది అంతకన్నా చిన్నది. పై వారికీ, కింది వారికీ నడుమ నిలబడినవాడు చూసినదానిని చెప్పాలి. నేను ఆనాడు వెళ్లి ఆ అట్టముక్కను చూపించి, 'దీనిని రాసినవాడు ఇతడు' అని ఒక్క మాట చెప్పి ఉంటే, జాబితా మారేదో లేదో తెలియదు. కనీసం ఆ అట్టముక్కను ఎవరో ఒకరు చూశారని అతనికి తెలిసేది.